ఓడినవాళ్ల ఓడ

మొదటి ఎపిసోడ్‌ని ఆఖరున వేశారు. 'ఫైర్‌ఫ్లై' అనే అమెరికా టీవీ సీరియల్ సంగతి ఎవరికి చెప్పాల్సి వచ్చినా నేను ఇక్కడే మొదలుపెడతాను. ఆ సీరియల్‌కి జరిగిన అన్యాయమంతా ఈ ఒక్క ముక్కలో ఉంది. జాస్ వీడన్ రాసి, తనే తీసిన రెండు గంటల తొలి భాగంలో తొమ్మిది మంది ఒక పాత ఓడలోకి ఎలా చేరారో ఉంటుంది. ఎవరు ఎవరో, ఎవరి వెనక ఏం దాగుందో అందులోనే తెలుస్తుంది. ఫాక్స్ ఛానెల్ పెద్దలకి అది నచ్చలేదు. కథానాయకుడు మరీ ముభావంగా ఉన్నాడన్నారు, ఇంకాస్త హుషారు కావాలన్నారు. దాంతో వీడన్, తోటి రచయిత టిమ్ మినియర్ ఇద్దరూ కూర్చుని ఒక్క వారాంతంలో రైలు దోపిడీ కథ ఒకటి రాసిచ్చారు. 2002 సెప్టెంబరు 20, శుక్రవారం రాత్రి జనం చూసిన మొదటి భాగం అదీ. అసలైన మొదటిది డిసెంబరు 20న వేశారు. అప్పటికే సీరియల్‌కి మంగళం పాడేశారు.

అప్పుడు నేను టెక్సాస్‌లో, డాలస్‌ని ఆనుకుని ఉన్న రిచర్డ్‌సన్‌లో ఎంఎస్ చదువుతున్నాను. మాకంటే రెండేళ్లు ముందు వచ్చినవాళ్లకి డిగ్రీ చేతికి రాకుండానే ఉద్యోగాలు వచ్చాయని విని విమానం ఎక్కినవాళ్లం. మేం దిగేసరికి డాట్‌కామ్ కంపెనీలు బోర్డులు తిప్పేశాయి, టెలికాం కంపెనీలు వేలమందిని ఇంటికి పంపేశాయి. టెలికాం కారిడార్ అని రిచర్డ్‌సన్‌కి పేరు. హైవే 75 వెంట అద్దాల మేడల ముందు పార్కింగ్ స్థలాలు పట్టపగలు ఖాళీగా కనపడేవి. సీనియర్లు కాలేజీ క్యాంటీన్‌లో గంటల లెక్కన పనిచేస్తూ, చదువుని ఇంకో సెమిస్టర్ సాగదీస్తూ రోజులు నెట్టుకొస్తున్నారు. అపార్ట్‌మెంట్లో నలుగురం ఉండేవాళ్లం. ఎవరో ఖాళీ చేసి వెళ్తూ ఇచ్చిపోయిన టీవీ ఒకటి ఉండేది. కేబుల్‌కి డబ్బుల్లేవు. రెండు కొమ్ముల యాంటెన్నాకి అల్యూమినియం ఫాయిల్ చుట్టి, దానికి అందిన నాలుగైదు ఛానెళ్లే చూసేవాళ్లం. వాటిలో ఫాక్స్ ఒకటి.

మాలో ఒంగోలు కుర్రాడు ఒకడు ఉండేవాడు. వాళ్ల నాన్నగారు కృష్ణ అభిమాని. కృష్ణ కౌబాయ్ టోపీ పెట్టుకుని గుర్రమెక్కిన సినిమాల కథలన్నీ ఆయన చెప్పగా చెప్పగా వీడికి కంఠతా వచ్చేశాయి. టీవీలో టోపీ, తుపాకీ, దుమ్ము కనపడితే చాలు, ఇంక ఛానెల్ మార్చనిచ్చేవాడు కాదు. ఆ శుక్రవారం రాత్రి ఏడింటికి రిమోట్ వాడి చేతిలోనే ఉంది. తెర మీద ఒక బారు, అందులో గొడవ. ఒక మనిషిని కిటికీలోంచి బయటికి విసిరేశారు. కిటికీ అద్దం పగల్లేదు. వెలుగుతో చేసిన అద్దం అది, ఒక్క క్షణం మినుకుమని మళ్లీ సర్దుకుంది. ఆ తర్వాత కొండ అంచున, వెనక్కి పోయే దారి లేక నిలబడ్డ ముగ్గురి వెనక నుంచి ఒక అంతరిక్ష నౌక గాలి రేపుకుంటూ పైకి లేచింది. మావాడు కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. "ఇదేంది బావా, కౌబాయ్‌లూ ఉండారు, రాకెట్టూ ఉండాది!" అన్నాడు. అంతే, ఆ రాత్రి నుంచి శుక్రవారాలు ఆ ఓడవి అయిపోయాయి.

కథ 2517లో జరుగుతుంది. భూమి జనం బరువు మోయలేకపోతే, మనుషులు వేరే సూర్యుడి దగ్గరికి వలసపోయి, అక్కడి గ్రహాలకీ చందమామలకీ గాలీ నీరూ కల్పించుకుని స్థిరపడ్డారు. నడిమధ్య గ్రహాల్లో డబ్బు, ఆస్పత్రులు, మెరిసే నగరాలు. అంచున ఉన్నవాటిలో దుమ్ము, గుర్రాలు, కరువు. మధ్యవాళ్లు అలయన్స్ పేరుతో అందరినీ ఒకే ఏలుబడి కిందికి తేవాలని యుద్ధం చేశారు. కాదన్న అంచువాళ్లు గోధుమరంగు కోట్లు తొడుక్కుని పోరాడి ఓడిపోయారు. సెరెనిటీ లోయలో చివరిదాకా నిలబడ్డ సార్జెంట్ మాల్కమ్ రెనాల్డ్స్, యుద్ధం అయ్యాక ఒక పాత సరుకుల ఓడ కొని, తను ఓడిన లోయ పేరే దానికి పెట్టుకున్నాడు.

గెటిస్‌బర్గ్ యుద్ధం మీద వచ్చిన ఒక నవల చదివినప్పుడు వీడన్‌కి ఈ ఆలోచన వచ్చింది. అమెరికా అంతర్యుద్ధంలో ఓడిన దక్షిణాది సైనికుల్ని తలపించే మనుషులే వీళ్లు. బానిసత్వం అనే పాపం మాత్రం వీళ్ల పక్షాన లేకుండా రాశాడు. ఆ వెసులుబాటు గురించి నేను తర్వాత చాలా ఆలోచించాను. ఓడినవాళ్ల మీదున్న మచ్చ తుడిచేసి, ఓటమిలోని దుఃఖాన్ని మాత్రం ఉంచుకోవడం కథకుడికి సులువైన దారి. అది చూసి ఎవరైనా నొచ్చుకుంటే వాళ్లతో నేను వాదించను.

ఇంకో లోటు కూడా చెప్పాలి. అమెరికా, చైనా కలిసి పంచుకున్న భవిష్యత్తు కాబట్టి అందులో అందరూ చైనీస్‌లో తిట్టుకుంటారు. మా ల్యాబ్‌లో చైనా నుంచి వచ్చిన అమ్మాయి ఒకామె ఉండేది. ఒక శుక్రవారం తనూ మాతో కూర్చుని చూసింది. తిట్టు వచ్చినప్పుడల్లా "ఇప్పుడేమన్నారు?" అని మమ్మల్నే అడిగింది. వాళ్ల ఉచ్చారణ తనకి అంతుపట్టలేదు. చివర్లో ఒక్క మాట అడిగింది: ఓడలో తొమ్మిది మంది ఉన్నారు కదా, ఒక్క చైనా ముఖమైనా ఎందుకు లేదు? జవాబు చెప్పడానికి మా దగ్గర ఏమీ లేకపోయింది.

ఇన్ని తెలిసీ ఆ ఓడని ప్రేమించాను. దానికి కారణం అందులోని మనుషులు. నేథన్ ఫిలియన్ వేసిన మాల్, యుద్ధంలో అతని పక్కనే నిలబడ్డ జోయీ, ఆమె మొగుడు వాష్. ఓడ నడిపేది వాషే. అతని ముందున్న పలక మీద ప్లాస్టిక్ డైనోసార్లు ఉంటాయి. తొలి భాగంలో వాటికి గొంతులు మార్చి మాటలు చెప్పిస్తూ, ఒకదానితో ఇంకోదానికి వెన్నుపోటు పొడిపిస్తూ తనలో తను ఆడుకుంటుంటాడు. ఇంజన్ చూసే కేలీ, డబ్బుకి తుపాకీ పట్టే జేన్, ఓడకున్న చిన్న షటిల్ నౌకని అద్దెకి తీసుకున్న ఇనారా, గతం చెప్పని పాస్టరు షెపర్డ్ బుక్, అలయన్స్ వాళ్ల చేతుల్లోంచి చెల్లెలు రివర్‌ని తప్పించి తెచ్చుకున్న డాక్టర్ సైమన్. వీళ్లలో ఎవరూ లోకాన్ని కాపాడ్డానికి బయల్దేరలేదు. ఓడలో ఇంధనం పోయించుకోవాలి, ఈ పూట తినాలి, అలయన్స్ కంటపడకూడదు. "వీళ్లూ మనలాగే బావా, పని దొరికితే చాలు, ఏ పనైనా సరే" అన్నాడు ఒంగోలువాడు. ఆ మాట అన్న వారంలోనే వాడికి క్యాంటీన్‌లో గిన్నెలు కడిగే పని దొరికింది.

ఆ ఓడలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు వంటగది. పొడవాటి చెక్క బల్ల, దాని చుట్టూ ఒకదానికొకటి పొంతన లేని కుర్చీలు, పసుపు గోడల మీద చేత్తో వేసిన తీగలు. లోపలి భాగాల్ని విడివిడి గదులుగా కాకుండా ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నిజంగానే నడిచి వెళ్లేట్టు కట్టారు. అందుకే కెమెరా ఒక మనిషి వెనక పడి మెట్లు దిగి, వంటగది దాటి, ఇంజన్ గదిదాకా పోతుంటే మనం ఆ ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది. రోజూ డబ్బాల్లోని ప్రొటీన్ ముద్ద తినే జనం వాళ్లు. తొలి భాగంలో షెపర్డ్ బుక్ ఓడెక్కడానికి డబ్బుతోపాటు ఒక చిన్న చెక్కపెట్టె ఇస్తాడు. కేలీ మూత తీసి చూసి నోరు తెరుస్తుంది. తర్వాత ఒంటరిగా కూర్చుని అందులోంచి ఒక స్ట్రాబెర్రీ తీసి నోట్లో పెట్టుకుంటుంది. కేలీగా వేసిన జ్యూవెల్ స్టెయిట్ కళ్లు మూసుకుని, పెదవుల్తో ఆ పండుని పట్టుకుని ఎంతసేపటికీ మింగదు. పండు ముఖం చూసి ఎన్నేళ్లయిందో ఆ ఒక్క షాట్లో తెలిసిపోతుంది. ఇలాంటి దాన్ని పట్టుకుని నెమ్మదిగా ఉందన్నారు!

అంతరిక్షంలో చప్పుడు వినపడకపోవడం ఇంకో విశేషం. గాలి లేనిచోట శబ్దం ఉండదు కాబట్టి ఓడ బయట నుంచి చూపించినప్పుడు పేలుళ్లు ఉండవు, గర్జనలు ఉండవు. గిటారో వయొలినో మాత్రం వినపడుతుంది. కంప్యూటర్‌లో చేసిన దృశ్యాల్లో కూడా కెమెరా భుజం మీద మోసినట్టు ఊగుతుంది, దూరపు ఓడని వెతుక్కుంటూ జూమ్ అవుతుంది. జోయిక్ కంపెనీ చేసిన ఆ పనికి 2003లో టీవీ రంగంలో ఇచ్చే ఎమ్మీ అవార్డు వచ్చింది. అప్పటికి సీరియల్ ఆగిపోయి నెలలు గడిచాయి.

ప్రసారాల క్రమం మాత్రం తలా తోకా లేకుండా సాగింది. ముందు జరిగిన కథ తర్వాత వచ్చేది. ఒక వారం ఒకరినొకరు నమ్మని మనుషులు ఇంకో వారం ప్రాణం పెట్టేవాళ్లు, మళ్లీ అపనమ్మకం. అక్టోబరు 11న బేస్‌బాల్ పోటీలని చెప్పి అసలు వెయ్యనే లేదు. శుక్రవారం రాత్రి ఇళ్లలో ఉండే కుర్రాళ్లు తక్కువ, ఉన్నవాళ్లకి ఏం చూస్తున్నామో అర్థం కాదు. ఇంక రేటింగులు ఎక్కడి నుంచి వస్తాయి? నవంబరు చివర్లో రెండు వారాలు మళ్లీ ఖాళీ. మేం యాంటెన్నా తిప్పుకుంటూ కూర్చునేవాళ్లం.

అక్టోబరు 25న వచ్చిన భాగం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. టిమ్ మినియర్ రాసిన 'ఔట్ ఆఫ్ గ్యాస్'. మొదలవగానే ఓడ ఖాళీ. వంటగదిలో ఎవరూ లేరు, మెట్ల మీద ఎవరూ లేరు, దీపాలు మసకబారి ఉన్నాయి. సరుకుల అర తలుపు తెరుచుకుంటే మాల్ ఒక్కడే లోపలికి వచ్చి నేల మీద కూలిపోతాడు. పొట్టలోంచి రక్తం కారుతోంది. అక్కడి నుంచి కథ మూడు కాలాల్లో నడుస్తుంది. ఒకటి, ఇప్పుడు ఒంటరిగా ఇంజన్ గది వైపు పాకుతున్న మాల్. రెండు, కొన్ని గంటల కిందట అందరూ బల్ల చుట్టూ చేరి నవ్వుకుంటూ సైమన్ పుట్టినరోజు చేస్తుండగా ఇంజన్ పేలి, ఊపిరికి గాలి అయిపోతూ రావడం. మూడు, ఎన్నో ఏళ్ల కిందట ఒక్కొక్కరూ ఈ ఓడలోకి ఎలా వచ్చారన్నది.

ఆ మూడోదే నన్ను పట్టేసింది. జోయీకి వాష్‌ని మొదటిసారి చూడగానే నచ్చలేదు. మీసాలతో ఉన్న ఆ పైలట్‌ని చూసి, ఎందుకో ఇతను నాకు పడడంది. కేలీ అప్పటి మెకానిక్‌తో ఇంజన్ గదిలో ఉండగా మాల్ కంటపడి, బట్టలు సర్దుకుంటూనే ఇంజన్‌లో లోపం ఎక్కడుందో చెప్పి, అక్కడికక్కడే ఉద్యోగం సంపాదించింది. జేన్ అయితే వీళ్లని దోచుకోవడానికి తుపాకీ గురిపెట్టినవాడు. వాటా ఎక్కువిస్తాను, సొంత గది ఇస్తానని మాల్ అనగానే తుపాకీ తన తోటివాళ్ల వైపు తిప్పాడు. చిట్టచివర పాత ఓడలు అమ్మే చోట దళారీ ఒక ఓడ గొప్పలు చెబుతుంటాడు. మాల్ చూపు దాని మీద లేదు. దూరంగా, ఎవరూ పట్టించుకోకుండా పడి ఉన్న ఇంకో ఓడ మీద ఉంది. అక్కడితో అయిపోతుంది. టీవీ కట్టేసి మా నలుగురిలో ఎవరం మాట్లాడలేదు. నలభై నాలుగు నిమిషాల్లో ఇంత చెప్పొచ్చని నాకు అంతకుముందు తెలియదు. అప్పటి నుంచి నేను ఏ సీరియల్ చూసినా దీంతోనే పోల్చుకుంటున్నాను.

డిసెంబరులో ఆపేశారు. తీసినవి 14, వేసినవి 11. యూపీఎన్ అనే వేరే ఛానెల్ అయినా తీసుకోవాలని దానికి అభిమానులు పోస్టుకార్డులు రాశారు. అంతకుముందే చందాలు వేసుకుని సినిమావాళ్ల పత్రిక 'వెరైటీ'లో ప్రకటన ఇచ్చారు. ఓడిన పక్షంవాళ్ల పేరు పెట్టుకుని తమని తాము బ్రౌన్‌కోట్లు అని పిలుచుకున్నారు. ఏదీ ఫలించలేదు. మా ఒంగోలువాడు కూడా ఒక కార్డు రాశాడు. ఇంటికి ఫోన్ చెయ్యడానికి కాలింగ్ కార్డుల్లో నిమిషాలు లెక్కపెట్టుకునే రోజుల్లో, స్టాంపు కొని అంటించాడు.

2003 డిసెంబరు 9న డీవీడీలు వచ్చాయి. నాలుగు డిస్కులు, 14 భాగాలూ సరైన వరసలో. అప్పటికి నాకు చిన్న ఉద్యోగం దొరికింది. జీతంలోంచి నా కోసం కొనుక్కున్న మొదటి వస్తువుల్లో అదొకటి. అందరం మళ్లీ మొదటి నుంచి చూశాం. కథ అప్పుడు కదా అర్థమైంది! టీవీలో రాని మూడు భాగాల్లో 'ద మెసేజ్' ఒకటి. జేన్‌కి వాళ్లమ్మ ఊలుతో అల్లిన టోపీ పోస్టులో పంపుతుంది. నారింజ, పసుపు రంగులు, చెవుల మీదికి జారే రెండు ముక్కలు, నెత్తిన కుచ్చు. అంత మొరటు మనిషీ దాన్ని గర్వంగా పెట్టుకుని తిరుగుతాడు. అదే భాగం చివర, యుద్ధంలో తమతో పోరాడిన కుర్రాడి శవాన్ని మాల్, జోయీ మంచు కురుస్తుండగా అతని ఇంటివాళ్లకి అప్పగిస్తారు. సీరియల్ ఆగిపోయిందన్న కబురు ఆ భాగం తీస్తుండగానే అందరికీ తెలిసింది. ఆ ముగింపుకి గ్రెగ్ ఎడ్మన్‌సన్ కట్టిన సంగీతం సీరియల్‌కి ఆయన చెప్పిన వీడ్కోలు. అది తెలిశాక ఆ మంచులో నిలబడ్డ ముఖాలు చూస్తే వాళ్లు నటిస్తున్నారో, నిజంగానే సెలవు తీసుకుంటున్నారో తేల్చుకోలేం.

ఆ డీవీడీలే కథ మార్చాయి. కొన్ని నెలల్లోనే రెండు లక్షల సెట్లు అమ్ముడుపోయాయి. టీవీ వద్దన్నదాన్ని జనం డబ్బు పెట్టి కొనుక్కుంటున్నారు. యూనివర్సల్ స్టూడియోలో మేరీ పేరెంట్ అనే అధికారి ఈ సీరియల్‌ని నమ్మింది. హక్కులు తీసుకుని 3.9 కోట్ల డాలర్లిచ్చి సినిమా తియ్యమన్నారు. పేరు 'సెరెనిటీ'. 2004 వేసవిలో షూటింగ్. పాత సెట్ లేదు, మళ్లీ కట్టాలి. డీవీడీలో కనపడే దృశ్యాలు చూసుకుంటూ కట్టారు. పెద్ద తారలెవరినీ తీసుకురాకుండా ఆ తొమ్మిది మందినే పెట్టి తీశారు. ఒకసారి ఆపేసిన సీరియల్, అదే మనుషులతో, వేరే స్టూడియోలో వెండితెర మీదికి రావడం ఎంత అరుదో హాలీవుడ్ వ్యవహారం తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

2005 ఏప్రిల్‌లో రావాల్సింది సెప్టెంబరుకి జరిగింది. ఈలోగా స్టూడియో ఒక మంచి పని చేసింది. మే 5న పది ఊళ్లలో అభిమానుల కోసం ముందస్తు ఆటలు వేసింది. ఆ తర్వాత 20 ఊళ్లు, జూన్‌లో 35. అన్నీ హౌస్‌ఫుల్. మేం ప్రయత్నించాం, టికెట్లు దొరకలేదు.

సెప్టెంబరు 30, శుక్రవారం. అంతకుముందు వారమే రీటా తుఫాను వస్తోందని హ్యూస్టన్ నుంచి లక్షలమంది ఒక్కసారిగా రోడ్డెక్కారు. ఒంగోలువాడికి అప్పటికి హ్యూస్టన్‌లో ఉద్యోగం. నాలుగు గంటల దారి పగలూ రాత్రీ నడిపి మా ఇంటికి చేరాడు. తుఫాను తప్పుకున్నాక కూడా వెనక్కి పోలేదు. "సినిమా చూసే పోతా బావా" అన్నాడు. ప్లేనోలో ఒక మల్టీప్లెక్స్ ముందు వరసలో నిలబడ్డాం. మా ముందు గోధుమరంగు కోట్లు, నారింజ ఊలు టోపీలు. టెక్సాస్‌లో సెప్టెంబరు చివర కూడా ఎండ మాడిపోతుంది, అయినా ఎవరూ కోటు విప్పలేదు. ఒకామె చేతిలో ప్లాస్టిక్ డైనోసార్ ఉంది. మా ఊళ్లో తెల్లవారుజామున బెనిఫిట్ షో ముందు జెండాలు కట్టుకుని ఊగే జనం గుర్తొచ్చారు. అభిమానం ఏ దేశంలోనైనా ఇలాగే ఉంటుందేమో, నాకు ఒక్కసారిగా పరాయి చోట ఉన్నానన్న భావం పోయింది.

సినిమా మొదట్లో ఓడ ఒక గ్రహం మీదికి దిగుతూ ఉంటుంది. ముక్కు దగ్గర ఏదో రేకు ఊడి ఎగిరిపోతుంది. మాల్ పైలట్ గదిలోంచి బయల్దేరి ఒక్కొక్కరితో మాట్లాడుతూ, తిడుతూ, పనులు పురమాయిస్తూ ఓడంతా తిరుగుతాడు. కెమెరా అతని వెంటే. కొత్తగా వచ్చినవాళ్లకి అది పరిచయం. మాకు మాత్రం ఇంటికి చేరినట్టు. హాలంతా చప్పట్లు. ఒక్కొక్క ముఖం కనపడగానే పేరు పెట్టి అరిచారు.

తేడాలూ ఉన్నాయి. సీరియల్లో సైమన్ డబ్బిచ్చి ఎవరితోనో చెల్లెల్ని బయటికి తెప్పించానంటాడు. సినిమాలో తనే లోపలికి వెళ్లి తెస్తాడు. ఇనారా, బుక్ ఇద్దరూ సినిమా మొదలయ్యేసరికే ఓడ దిగిపోయి ఉన్నారు. బుక్ గతం ఏమిటో సినిమా కూడా చెప్పలేదు, అది 2010లో బొమ్మల పుస్తకంగా వచ్చింది. బల్ల చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకునే తీరిక సినిమాకి లేదు. ఏళ్ల తరబడి నెమ్మదిగా విప్పాల్సిన ముడిని రెండు గంటల్లో విప్పెయ్యాలి. ఆ తొందర నాకు తెలుస్తూనే ఉంది. స్ట్రాబెర్రీ తినే షాట్ లాంటిదానికి అందులో చోటు లేదు.

కానీ ఆ ముడి విప్పిన తీరు గొప్పది. మిరాండా అనే గ్రహం మీద జనం గొడవలు మాని నెమ్మదిగా ఉండాలని అలయన్స్ గాలిలో ఒక మందు కలిపింది. జనం నిజంగానే నెమ్మదించారు. పని మానేశారు, మాట్లాడ్డం మానేశారు, తినడం మానేశారు. మూడు కోట్ల మంది కూర్చున్నచోటే, పడుకున్నచోటే పోయారు. కొద్దిమందికి మాత్రం మందు ఎదురుతిరిగింది. సీరియల్ మొత్తం మనల్ని భయపెట్టిన, మనుషుల్ని పీక్కుతినే రీవర్లు వాళ్లే. ప్రభుత్వం ఆ నిజాన్ని పాతిపెట్టింది. దాన్ని దాచడానికి పంపిన మనిషిగా చివెటెల్ ఎజియోఫోర్ నటించాడు. గొంతు పెంచడు, కోపం తెచ్చుకోడు. మంచి లోకం కోసం చంపుతున్నానని నమ్ముతాడు, ఆ లోకంలో తనలాంటివాడికి చోటు ఉండదని కూడా ఒప్పుకుంటాడు. అంత నిజాయితీగా చెడు చేసే మనిషిని నేను సినిమాల్లో తక్కువ చూశాను.

మాల్ ఆ నిజాన్ని అన్ని గ్రహాలకీ ప్రసారం చేస్తాడు. సీరియల్ పొడుగునా ఓడినవాళ్లు, తప్పించుకుని తిరిగినవాళ్లు, ఈ ఒక్కసారి నెగ్గారు. అందుకే నాకు ఆ సినిమా కావాలి. సీరియల్‌ని తిరిగి ఇవ్వలేకపోయింది సరే, ఓడినవాళ్లకి ఒక గెలుపు ఇచ్చింది. దాన్ని చూస్తున్న మేం కూడా ఒక ఛానెల్ చేతిలో ఓడినవాళ్లమే.

ఆ గెలుపుకి కట్టిన ధర మాత్రం హాల్లో ఎవరూ ఊహించలేదు. బుక్ ముందే పోయాడు. ఆఖరి యుద్ధంలో ఇంజన్ చచ్చిపోయిన ఓడని వాష్ గాలిలో తేలే ఆకులా దించుతాడు. దించి, ఊపిరి తీసుకుని, భార్య వైపు తిరిగి ఏదో చెప్పబోతాడు. అద్దం పగలగొట్టుకుని వచ్చిన బల్లెం గుండెల్లో దిగిపోతుంది. పాట లేదు, వీడ్కోలు మాట లేదు. అతను పోయాడన్న సంగతి జోయీకి ఎక్కదు, లెమ్మని లాగుతూ ఉంటుంది. మా వెనక వరసలో ఎవరో "నో" అని పెద్దగా అరిచారు. డైనోసార్ పట్టుకున్నామె ముఖం చేతుల్లో దాచుకుంది. ఒంగోలువాడు సినిమా అయ్యేదాకా మళ్లీ నోరు విప్పలేదు.

వసూళ్లు పెదవి విరిచేలా ఉన్నాయి. మొదటి వారాంతంలో 1.01 కోట్ల డాలర్లు, జోడీ ఫాస్టర్ సినిమా వెనక రెండో స్థానం. అమెరికాలో మొత్తం దాదాపు 2.55 కోట్లు. ప్రపంచమంతా కలిపినా ఖర్చు అంతంతమాత్రంగా తేలింది. రెండో సినిమా ఊసు మళ్లీ రాలేదు. అయితే 2006లో సైన్స్ ఫిక్షన్ కథలకిచ్చే హ్యూగో అవార్డు, స్క్రిప్టుకి నెబ్యులా అవార్డు వచ్చాయి. 2007 జూన్‌లో స్టీవెన్ స్వాన్సన్ అనే వ్యోమగామి సీరియల్ డీవీడీలూ, సినిమా డీవీడీ అట్లాంటిస్ షటిల్లో అంతరిక్ష కేంద్రానికి తీసుకెళ్లాడు. ఆ వార్త చదివిన రోజు ఆఫీసులో నా పక్క సీటు ఆయనకి లేపి మరీ చూపించాను. 2009లో ఆ కేంద్రానికి కొత్తగా చేర్చే గదికి పేరు చెప్పమని నాసా జనాన్ని అడిగితే, నాసా ఇచ్చిన నాలుగు పేర్లలో ఎక్కువ ఓట్లు 'సెరెనిటీ'కే పడ్డాయి. చివరికి ట్రాంక్విలిటీ అని పెట్టారు. అభిమానులు 2006 నుంచి ఏటా ఊరూరా సినిమా ఆడించి, వచ్చిన డబ్బు మహిళల హక్కుల కోసం పనిచేసే సంస్థకి ఇస్తున్నారు.

2016 నవంబరులో షెపర్డ్ బుక్ వేసిన రాన్ గ్లాస్ పోయారు. ఆ గొంతులోని నిండుదనం ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఇంకో నాలుగేళ్లకి, వీడన్ సెట్‌లో తమతో క్రూరంగా ప్రవర్తించాడని ఆయన వేరే చిత్రాల్లో, సీరియళ్లలో చేసినవాళ్లు ఒక్కొక్కరే బయటికి వచ్చి ఆరోపించారు. అవి చదివాక ఆయన పేరు మునుపటి ఆరాధనతో తలుచుకోలేకపోతున్నాను. ఆ ఓడని ఆయన ఒక్కడే కట్టలేదన్నది నా మాట. మినియర్ రాత ఉంది, ఎడ్మన్‌సన్ సంగీతం ఉంది, గోడల మీద తీగలు వేసిన చేతులున్నాయి, ఆ తొమ్మిది మంది ఉన్నారు.

వాష్ చావు దగ్గర మాత్రం ఒంగోలువాడికీ నాకూ ఇప్పటికీ పడదు. సినిమా డీవీడీ వాడింట్లో లేదు. వాళ్ల పిల్లలకి సీరియల్ 14 భాగాలూ చూపించి అక్కడితో ఆపేశాడు. "వాళ్లు ఇంకా ఎక్కడో తిరగతానే ఉండారని చెప్పినా" అన్నాడు. ఆ చావు తర్వాత తలుపు దగ్గర జరిగే పోరాటంలో ప్రతి ఒక్కరి కోసం నాకు భయం వేసింది, కేలీకి విషపు సూది తగిలితే పోయిందనే అనుకున్నాను, ఆ భయం లేకపోతే ఆ గెలుపుకి విలువ లేదు అంటాను నేను. చూసేవాడికి భయం పుట్టించడానికి మనిషిని చంపక్కర్లేదు, 'ఔట్ ఆఫ్ గ్యాస్'లో ఎవరు చచ్చారని భయపడ్డాం అంటాడు వాడు. దానికి నా దగ్గర సరైన జవాబు లేదు, అయినా నా మాట మీదే ఉన్నాను. మొన్న ఇది రాస్తున్నానని ఫోన్‌లో చెబితే, "రాసుకో బావా, వాష్ సంగతిలో నేను ఒప్పుకోలేదని కూడా రాయి" అన్నాడు.